అరవై దాటాక పాత చీరల వేట: బెంగళూరులో థ్రిఫ్ట్ కొనుగోళ్ల లోతుపాతులు

పిల్లల దగ్గర ఉండడానికి బెంగళూరు వచ్చిన తెలుగు తల్లిదండ్రులకు ఈమధ్య థ్రిఫ్ట్ (వాడిన దుస్తుల కొనుగోలు) అనే మాట తరచుగా వినిపిస్తోంది. అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌసుల్లో ఆదివారం పూట వాడిన దుస్తుల అమ్మకాలు జరుగుతున్నాయి. మనుమరాలు ఫోనులో చూపించే చీర కింద "ప్రీ-లవ్డ్" అని రాసి ఉంటుంది. కోడలు ఇష్టంగా కట్టుకున్న నేత చీర అంతకుముందు మరెవరో రెండుసార్లు కట్టి అమ్మేసినదని తర్వాతెప్పుడో తెలుస్తుంది. పెద్దవారిలో కొందరు దీన్ని ఉత్సాహంగా అందుకుంటున్నారు. మరికొందరికి ఎంతమాత్రం మింగుడుపడడం లేదు. చవకగా వస్తున్నప్పుడు తప్పేమిటని ఒకరు, ఒకరు విడిచిన బట్ట మనకెందుకని మరొకరు, భూమికి మేలు కదా అని పిల్లలు ఎవరి వాదన వారు వినిపిస్తారు.

డబ్బు, ఆచారం, పర్యావరణం అనే మూడు వేర్వేరు ప్రశ్నలను ఒకే ముడిలో కట్టేయడం వల్ల ఈ చర్చ ముందుకు సాగదు. విడదీసి చూస్తే మాత్రం, పెద్దగా ఎవరూ పట్టించుకోని ఒక సంగతి బయటపడుతుంది. వాడిన దుస్తుల బజారులో లాభపడేది గుడ్డ సంగతి తెలిసినవారు. ఆ తెలివిడి నేడు ఎక్కువగా ఉన్నది అరవై దాటినవారి చేతుల్లోనే.

ఒకే పేరుతో చలామణి అవుతున్న వేర్వేరు సరుకులు

వాడిన బట్ట అంటే ఎవరో ఒకరు కొని, కట్టి, అమ్మిన లేదా ఇచ్చేసిన బట్ట. సెకండ్‌హ్యాండ్, ప్రీ-లవ్డ్ అనేవి దానికే ఉన్న మరో రెండు పేర్లు. వింటేజ్ అన్నప్పుడు వ్యాపారులు సాధారణంగా కనీసం ఇరవై ఏళ్ల వయసున్న దుస్తులను ఉద్దేశిస్తారు. వాటికి ధర తగ్గకపోగా కొన్నిసార్లు కొత్తవాటికంటే ఎక్కువే పలుకుతుంది. ఎక్స్‌పోర్ట్ సర్‌ప్లస్ ఈ రెంటికీ చెందదు. పీణ్యా, బొమ్మనహళ్లి, మైసూరు రోడ్డు ప్రాంతాల్లోని కుట్టు ఫ్యాక్టరీలు విదేశీ కంపెనీల కోసం కుట్టినవాటిలో లెక్కకు మించి మిగిలినవి, రంగులోనో కుట్టులోనో చిన్న తేడా వచ్చి ఆర్డరులో చేరనివి, లేబులు కత్తిరించుకుని నగరంలోని బజార్లకు చేరతాయి. వాటిని ఎవరూ తొడుక్కుని ఉండరు.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో చెప్పడానికి మూడు చొక్కాలను ఊహించుకుందాం. మూడింటి ధరా 300 రూపాయలే. మొదటిది ఒకరు ఏడాదిపాటు తొడిగిన బ్రాండెడ్ చొక్కా. దాని కాలరు లోపలి అంచు అరిగి ఉండవచ్చు గాని, ఉతికితే ఎంత కుంచించుకుపోవాలో అంతా అయిపోయింది కనుక కొలత ఇక మారదు. రెండోది సర్‌ప్లస్ చొక్కా. కొత్తదే, కానీ అది ఏ లోపం వల్ల బజారుకొచ్చిందో వెతికి పట్టుకోవాలి. మూడోది ముప్ఫై ఏళ్ల కిందటి మందపాటి నూలు చొక్కా. దాని గుడ్డ నేడు ఆ ధరకు దొరకదు, అయితే భుజాల కోత ఆనాటిది. విడిచిన బట్ట అన్న అభ్యంతరం వీటిలో మొదటిదానికీ మూడోదానికీ వర్తిస్తుంది, రెండోదానికి అసలు వర్తించదు. ఇళ్లలో జరిగే వాదనల్లో సగం ఈ మూడింటినీ ఒకటిగా చూడడం వల్ల పుట్టేవే.

ఈ బట్టలు ఎక్కడినుంచి వస్తాయి

పాశ్చాత్య దేశాల్లో థ్రిఫ్ట్ దుకాణం దానధర్మాల నుంచి పుట్టింది. బోస్టన్‌లో 1902లో మొదలైన గుడ్‌విల్, 1940ల చివర్లో ఆక్స్‌ఫర్డ్‌లో దుకాణం తెరిచిన ఆక్స్‌ఫామ్, ప్రజలు ఉచితంగా ఇచ్చిన వస్తువులను అమ్మి ఆ డబ్బును సేవకు వెచ్చించే పద్ధతిని స్థిరపరిచాయి. మన దగ్గర దారి వేరు. పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇస్తామంటూ వీధిలో కేకవేసే ఆమెను ఈ తరం పెద్దవారందరూ ఎరుగుదురు. నాలుగు ప్యాంట్లు, రెండు చీరలు ఇస్తే ఒక గిన్నె వచ్చేది. బేరం తెగకపోతే ఇంకో చొక్కా కలిపేవారు. ఆ మూటలోని బట్టలను బాగుచేసి, ఇస్త్రీ చేసి సంతల్లో అమ్మేవారు. బాగుకానివి గ్యారేజీల్లో నూనె తుడిచే గుడ్డలయ్యేవి. ఉన్ని బట్టల్లో పెద్ద భాగం హర్యానాలోని పానిపట్టుకు చేరి, పీచుగా మారి, మళ్లీ నూలై, చవక దుప్పట్లుగా నేయబడేది. ఇదంతా ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

విదేశాల్లో వాడిన బట్టల దిగుమతిపై మన దేశంలో ఆంక్షలున్నాయి, లైసెన్సు కావాలి. గుజరాత్‌లోని కండ్లా ప్రత్యేక ఆర్థిక మండలంలో కొన్ని సంస్థలు వాటిని తెప్పించి, రకాలుగా విడదీసి, తిరిగి ఎగుమతి చేస్తాయి. అందువల్ల బెంగళూరులో మనకు ఎదురయ్యే వాడిన చీరలు చాలావరకు మన దేశపు బీరువాల నుంచి వచ్చినవే. పాత పద్ధతికీ కొత్త థ్రిఫ్ట్‌కూ ఉన్న తేడా నిజానికి ఒక్కటే. అప్పుడు మధ్యతరగతి ఇల్లు బట్టను వదిలించుకునేది, మరో వర్గం కట్టేది. ఇప్పుడు అది ఒక మధ్యతరగతి ఇంటి నుంచి మరో మధ్యతరగతి ఇంటికి, మధ్యలో గిన్నె లేకుండా, నేరుగా చేరుతోంది.

చేతికి తెలిసిన విద్య, దాని విలువ

కొత్త చీర కొనేటప్పుడు దుకాణం పేరు, లేబులు, బిల్లు మనకు భరోసా. వాడిన చీరకు ఆ మూడూ ఉండవు. కేంద్ర సిల్క్ బోర్డు ప్రధాన కార్యాలయం బెంగళూరులోనే ఉంది. ఆ బోర్డు చొరవతో అసలు పట్టును సూచించే సిల్క్ మార్క్ 2004లో వచ్చింది. చేనేతను సూచించే హ్యాండ్‌లూమ్ మార్క్ 2006లో వచ్చింది. అంటే 1990ల నాటి చీర ఎంత అసలైనదైనా దానిపై ఆ గుర్తులు ఉండే అవకాశమే లేదు. అలాంటప్పుడు సాక్ష్యం చెప్పాల్సింది గుడ్డే. దాన్ని అడగడం తెలిసినవారే దాని విలువ కట్టగలరు.

గద్వాల చీరను తీసుకుందాం. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండు వేర్వేరు నూళ్లు కలిసే చోట వేళ్లతో తడిమితే అతుకు తెలుస్తుంది. మరమగ్గంపై నేసిన నకలులో ఆ చోటు నునుపుగా సాగిపోతుంది. పోచంపల్లి ఇక్కత్‌లో నేతకు ముందే నూలుకు రంగులద్దుతారు కనుక బొమ్మ చీర రెండు వైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది, గీతల అంచులు కొద్దిగా చెదిరినట్టుంటాయి. అచ్చు వేసిన నకలును తిరగేస్తే వెనుక వైపు వెలవెలబోతుంది. చేనేత గుడ్డ అంచుల వెంబడి సన్నని సూది గుచ్చుల వరుస కనిపించవచ్చు. నేసేటప్పుడు గుడ్డ వెడల్పు తగ్గకుండా సాగదీసి పట్టే కర్ర కొనలకున్న ముళ్ల జాడ అది. పొందూరు ఖద్దరును ఒక్కసారి కట్టినవారు ఆ స్పర్శను మళ్లీ ఎక్కడున్నా గుర్తుపడతారు. ఇవన్నీ ఇరవై అయిదేళ్ల అమ్మాయి నేర్చుకోలేనివి కావు. కానీ నలభై ఏళ్లపాటు చీరలు కట్టి, ఉతికి, గంజిపెట్టి, మడతలు మార్చి, చిరుగులు రఫూ చేయించిన మనిషికి వీటిని విడిగా నేర్చుకోవలసిన పని లేదు. ఆ అనుభవానికి బజారులో ధర ఉంటుందని ఎవరూ ఆమెకు చెప్పలేదు, అంతే.

జరీ విషయంలో ఈ తెలివిడి మరింత అక్కరకొస్తుంది. అసలు జరీ అంటే పట్టుదారం చుట్టూ వెండి తీగను చుట్టి, దానికి బంగారు పూత పూసినది. తర్వాతి రకంలో వెండికి బదులు రాగి ఉంటుంది. అన్నిటికంటే చవకదానిలో లోహపు పూత వేసిన ప్లాస్టిక్ పొర ఉంటుంది. పాతబడినప్పుడు మూడూ మూడు రకాలుగా మారతాయి. వెండి జరీ మసకబారి నల్లబడవచ్చు గాని దాని బరువు చేతికి తెలుస్తూనే ఉంటుంది, ప్లాస్టిక్ జరీ మెరుపు మాత్రం పొరలుగా రాలిపోతుంది.

2025లో వెండి ధర కిలో లక్ష రూపాయలు దాటి ఇంకా పైకి వెళ్లాక, పాత పట్టుచీరలు కొంటామనే వ్యాపారులకు గిరాకీ పెరగడం సహజమే. చీరను కాల్చి, మిగిలిన లోహాన్ని కరిగించి వెండి తీయడం ఈ వ్యాపారంలో పాత పద్ధతి. దీని లెక్క ఇలా ఉంటుంది. ఒక చీరలో 120 గ్రాముల జరీ ఉందని, అందులో సగం వెండి అని అనుకుందాం. గ్రాము వంద రూపాయల చొప్పున చూసినా 60 గ్రాముల వెండి విలువ 6,000 రూపాయలు. వ్యాపారి 2,500 ఇస్తానంటే మిగతాది అతని శ్రమకూ లాభానికీ పోతుంది. అదే చీర మడతల్లో చీలకుండా, కొంగు చెక్కుచెదరకుండా ఉంటే, చీరగానే కొనేవారు అంతకంటే ఎక్కువ ఇవ్వవచ్చు. పట్టు జీర్ణించి, విప్పితేనే చిరిగిపోయే స్థితిలో ఉంటే మాత్రం వెండి లెక్కే న్యాయమైన లెక్క. ఈ రెండు స్థితుల మధ్య తేడా చీరను వెలుతురుకు అడ్డంగా పట్టి మడతల గీతలు చూస్తే తెలుస్తుంది. పెద్దగా మాసిపోని, ఇంకా కట్టదగిన చీరలు కొలిమి పాలవడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం, ఎందుకంటే కొన్ని అంచుల నమూనాలు మళ్లీ నేసేవారు లేరు.

వయసుతో మారే ఒళ్లు, మారే చూపు

అరవై దాటిన శరీరానికి రెడీమేడ్ కొలతలు సరిపడవు. వెన్నుపూసల మధ్య డిస్కులు కుంచించుకుపోవడం వల్ల ఎత్తు కొంత తగ్గుతుంది, పైవీపు కాస్త వంగుతుంది, బరువు మారకపోయినా నడుము దగ్గర ఒళ్లు చేరుతుంది. అందుకే ఎన్నేళ్లుగానో తెలిసిన సైజు నంబరు ఇప్పుడు నమ్మకమైనది కాదు. వాడిన దుస్తుల్లో కష్టం ఇంకొంచెం ఎక్కువ. మునుపటి యజమాని దర్జీ చేత మార్పించి ఉంటే లేబులు మీది సైజుకు అర్థమే లేదు.

ఇక్కడ చీరకూ పంచెకూ ఉన్న సౌలభ్యం మరే దుస్తులకూ లేదు. అయిదున్నర మీటర్ల చీరకు సైజు ఉండదు. కష్టమంతా రవికెతోనే. వాడిన రవికె లోపలి కుట్టుల్లో గుడ్డ ఎంత వదిలి ఉందో దాన్నిబట్టి అది వదులవుతుందా లేదా అన్నది తేలిపోతుంది. భుజం పట్టేసినవారికి (మధుమేహం ఉన్నవారిలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది) వెనుక హుక్కుల రవికె ఎంత అందంగా ఉన్నా పనికిరాదు. వేళ్ల కీళ్లు బిగుసుకుపోయినవారికి చిన్న గుండీలూ అంతే. మరోవైపు, పలచబడిన, తేమ తగ్గిన చర్మానికి పదేపదే ఉతికిన పాత నూలు బట్ట కొత్తదానికంటే హాయిగా ఉంటుంది. ఇది కొత్త బట్టతో కొనలేని సుఖం.

చూపు విషయం చాలామందికి తెలియదు. వయసుతో కంటిలోని కటకం పసుపు రంగుకు తిరుగుతుంది. దానివల్ల నీలం రంగు ఛాయలను వేరుచేయడం కష్టమవుతుంది. ముదురు నీలమూ నలుపూ ఒకటిగా తోస్తాయి. ట్యూబులైటు కింద నల్లదనుకుని కొన్న చీర ఎండలో నేరేడు రంగులో తేలడం అందువల్లనే. జుట్టు నెరిశాక ముఖం పక్కన రంగులు కనిపించే తీరు కూడా మారుతుంది కనుక, ఒకప్పుడు నప్పని రంగు ఇప్పుడు నప్పడం, ఎప్పుడూ నప్పినది వెలవెలబోవడం రెండూ జరుగుతాయి. వేల రూపాయలు పెట్టి అలాంటి ప్రయోగం చేయడానికి మనసొప్పదు. వాడిన చీరల ధరలు ఆ ప్రయోగానికి వీలిస్తాయి.

విడిచిన బట్ట అన్న అభ్యంతరం

దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం సరికాదు. కట్టి విడిచిన బట్టకూ ఉతికి ఆరేసిన బట్టకూ మన ఇళ్లలో ఎప్పుడూ తేడా పాటించారు. పోయినవారి బట్టలను దానమివ్వడం, కొత్త బట్ట కొనకు పసుపు పెట్టి కట్టుకోవడం వంటివాటిలో బట్టకూ మనిషికీ ఉన్న సంబంధం గురించిన ఒక భావన ఉంది. ఎవరిదో తెలియని చీర కట్టడానికి మనసు రాకపోతే అది గౌరవించదగిన నిర్ణయమే.

అయితే అదే ఆచారంలో రెండో పక్క కూడా ఉంది. పుట్టిన బిడ్డకు మొదట మెత్తని పాత గుడ్డనే చుడతారు. అమ్మ పెళ్లి చీర కూతురు కట్టడం శుభమనుకుంటారు. అమ్మమ్మల పాత చీరలతో కుట్టిన బొంతల మీద పడుకోని పిల్లలు ఆ తరంలో అరుదు. అంటే అభ్యంతరం పాతదనం మీద కాదు, పరిచయం లేకపోవడం మీద. అందుకే చాలామంది పెద్దవారు దుకాణంలో వద్దన్న చీరను, తెలిసినవారి ఇంటి నుంచి వచ్చిందని తెలిస్తే సంతోషంగా తీసుకుంటారు. అపార్ట్‌మెంట్లలో ఇరుగుపొరుగు మధ్య జరిగే మార్పిడులు వీరికి సరిపడడానికి కారణం ఇదే.

శుభ్రత వేరే ప్రశ్న. దానికి సమాధానం ఉంది. గజ్జికి కారణమయ్యే పురుగు మనిషి ఒంటిని వదిలాక సాధారణంగా రెండు మూడు రోజులకు మించి బతకదు. బట్టల్లో ఉండే పేలు కూడా రక్తం దొరకకపోతే వారం రోజుల్లో చనిపోతాయి. నల్లులు మాత్రం మొండివి, నెలల తరబడి బతకగలవు; వాటికి వేడే విరుగుడు. నూలు బట్టలను బాగా వేడిగా ఉన్న నీటిలో ఉతికితే ఈ భయాలన్నీ తీరతాయి. వేడినీరు పనికిరాని పట్టు విషయంలో, మూటగట్టి వారంపైగా విడిగా ఉంచి ఆ తర్వాత డ్రైక్లీనింగ్‌కు ఇవ్వడం అనుసరించదగిన పద్ధతి. పట్టులోకి దిగిన చెమట మరకలు, చంకల దగ్గర పెళుసుబారిన గుడ్డ మాత్రం ఏ ఉతుకుకూ బాగుకావు.

వయసుకు తగిన వేషం ఎవరు నిర్ణయిస్తారు

పెద్దవారు లేత రంగులు, సన్నంచులు కట్టాలన్నది ఒక అభిప్రాయం. దీనికి నిండుదనం, సందర్భశుద్ధి అన్న ఆధారాలున్నాయి. చాలామంది ఆ రంగులను ఎవరి బలవంతమూ లేకుండా ఇష్టపడే కడతారు. రెండో అభిప్రాయం ప్రకారం ఆ నియమం ముఖ్యంగా ఆడవారిమీద, అందులోనూ భర్త పోయినవారిమీద మోపినది, దాన్ని వదలడంలో తప్పులేదు. నాకు రెండోదే న్యాయంగా తోస్తుంది, అయితే ఎర్రచీర కట్టమని తల్లిని పట్టుబట్టే పిల్లలు కూడా ఆమె ఇష్టాన్ని అడగడం లేదన్నది నిజం.

సొంత శైలి అంటే మెరిసిపోవడమని కాదు. పదేపదే ఒకే రకంగా చేసే ఎంపికల వల్ల మనిషి దుస్తుల్లో ఏర్పడే పోలికే శైలి. 102 ఏళ్లు జీవించి 2024లో కన్నుమూసిన అమెరికా డిజైనర్ ఐరిస్ ఆప్ఫెల్ చవక బజారులో కొన్న పూసల దండనూ ఖరీదైన కోటునూ కలిపి ధరించేవారు. ఆమె దుస్తులతో 2005లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శన పెట్టినప్పుడు ఆమె వయసు ఎనభై దాటింది. మన మధ్య శైలి అంత ఆర్భాటంగా కనిపించనక్కరలేదు. ఉద్యోగకాలమంతా గంజిపెట్టిన మంగళగిరి చీరలు కట్టిన ఒక విశ్రాంత లెక్చరరును ఊహించుకుందాం. గంజి, ఇస్త్రీ చేసే ఓపిక ఇప్పుడు లేదు, కానీ ఆ గీతల అంచంటే ఇష్టం పోలేదు. ఆమె మెత్తబడిన పాత మంగళగిరి చీరలను వెతికి కొని, వాటిలో రెండింటిని ముందు గుండీల పొడవు కుర్తాలుగా కుట్టించుకుంటే, శైలి కొనసాగింది, శరీరానికి తగ్గట్టు రూపం మాత్రం మారింది.

చవకదనమూ పర్యావరణమూ లెక్కలో ఎలా తేలతాయి

12,000 రూపాయల కొత్త చీరను పదిసార్లు కడితే ఒక్కో కట్టుకు 1,200 రూపాయలు పడుతుంది. వాడిన చీరను 3,500కు కొని, ఫాల్ మార్చడానికీ డ్రైక్లీనింగ్‌కూ మరో 500 పెట్టి, అదే పదిసార్లు కడితే కట్టుకు 400. ఇంతవరకు లాభమే. కానీ చవక కదా అని అలాంటివి అయిదు కొని, ఒక్కోటి రెండేసిసార్లు కడితే ఖర్చు 20,000, కట్టుకు 2,000. పింఛను మీద నడిచే ఇంట్లో ఈ రెండో లెక్క చప్పుడు చేయకుండా వచ్చి కూర్చుంటుంది.

పర్యావరణం లెక్క కూడా ఇలాంటిదే. ఒక నూలు టీషర్టు తయారీకి దాదాపు 2,700 లీటర్ల నీరు పడుతుందన్న అంచనాను తరచుగా ఉదహరిస్తారు. వాడినది కొంటే ఆ నీరు మిగులుతుందనడం మాత్రం సగమే నిజం. వాడిన బట్టలు పది కొన్న మనిషి, అవి లేకపోతే కొత్తవి నాలుగే కొనేవాడైతే, మిగిలింది ఆ నాలుగింటి నీరే. థ్రిఫ్ట్ వల్ల కొనుగోళ్లు పెరుగుతున్నాయనే విమర్శకులు ఈ తేడానే ఎత్తిచూపుతారు. సమర్థకులు, పాత దుస్తుల నుంచి మళ్లీ కొత్త దుస్తులు తయారయ్యేది ఒక శాతంకంటే తక్కువేనని 2017లో ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ వేసిన అంచనాను చూపి, ఉన్నదాన్ని ఉన్నట్టే కట్టడం ఒక్కటే నమ్మదగిన దారి అంటారు. ఇద్దరి మాటా చెల్లుతుంది. పెద్దవారి విషయంలో ఇంకొకటి చేర్చాలి: వారి బీరువాలే తరచుగా నిండి ఉంటాయి, కనుక కొనడంకంటే వాటిని బయటకు తీసి మార్చుకోవడంలోనే మేలు ఎక్కువ.

మధ్యతరగతి ఇలా కొంటే పేదల బట్టల ధర పెరగదా అన్న ప్రశ్న కూడా ఉంది. చిక్కపేట దగ్గర ఆదివారం సాగే సండే బజారులో కూలిపనివారు వెతికేది గట్టి ప్యాంట్లు, పిల్లల బట్టలు, డిసెంబరు చలికి స్వెట్టర్లు. నేత చీరల కోసం వచ్చేవారితో వారికి పోటీ తక్కువ. స్వెట్టర్ల దగ్గర మాత్రం ఆ పోటీ నిజమైనది.

ఆన్‌లైన్‌లో కొన్నప్పుడు హక్కులు ఎంతవరకు

2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాలు వ్యాపారంగా అమ్మేవారికి వర్తిస్తాయి. వస్తువు వర్ణనకు భిన్నంగా ఉంటే, లోపముంటే వాపసు తీసుకోవడానికి వారు నిరాకరించకూడదు. వ్యాపారంగా కాక, తన బీరువాలోని చీరను ఎప్పుడో ఒకసారి అమ్మే వ్యక్తికి ఆ నియమాలు వర్తించవు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఈ రెండు రకాలవారూ ఒకేలా కనిపిస్తారు. వారం వారం కొత్త సరుకు పెట్టే పేజీ వ్యాపారమే అవుతుంది, ఇంటి నుంచి నడిచినా సరే. ఒక్క చీర అమ్మిన పొరుగింటావిడ కాదు. "వాపసు లేదు" అని పేజీలో రాసుకున్నంత మాత్రాన, చిరుగు దాచి అమ్మిన వ్యాపారి బాధ్యత తీరదు.

పాత పట్టుకు ఫోటో ఎప్పుడూ చాలని సాక్ష్యమే. మడతల చీలిక ఫోటోలో పడదు. అమ్మేవారు చీరను పూర్తిగా విప్పి, పగటి వెలుతురులో కొంగునూ అంచునూ వీడియో కాల్‌లో చూపించడానికి ఒప్పుకుంటారా లేదా అన్నదాన్నిబట్టి చాలా సంగతులు తెలుస్తాయి. పెద్దవారు అమ్మే పక్షాన ఉన్నప్పుడు మోసం మరో దారిలో వస్తుంది. డబ్బు పంపుతున్నామంటూ క్యూఆర్ కోడ్ పంపి, పిన్ నొక్కమంటారు. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అవసరమే లేదు. అది అడిగారంటే డబ్బు వెళ్లేది మన ఖాతా నుంచే.